సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొంటున్నారా? పైసలిచ్చే ముందు షాపులోనే రీస్టార్ట్ చేయించండి

నల్గొండలో ఒక షాపులో ఈ మధ్య మా అక్క కొడుకు చదువు కోసం సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నాం. వాళ్లతో పంచాయితీ ఇంకా తెగలేదు కాబట్టి షాపు పేరు రాయడం లేదు. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ నుంచి వచ్చి ఇక్కడ కొనేవాళ్లు మాత్రం ఇది చదవండి.

కంప్యూటర్ ఆన్ అవగానే, మనం ఏదీ ఓపెన్ చేయకముందే, ఒక బాక్స్ వస్తోంది. ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలకు విండోస్‌లో ఉండే కాపలా) ఫలానా ప్రోగ్రామ్‌ను ఆపింది, అనుమతిస్తారా అని. షాపులోనే రీస్టార్ట్ చేయించి ఉంటే ఇది అక్కడే కనిపించేదేమో. షాపుకు ఫోన్ చేస్తే "ఏం కాదన్నా, అలో కొట్టు, లేకుంటే నెట్ రాదు" అన్నాడు. పచ్చి అబద్ధం. మన దగ్గర్నుంచి బయటికి వెళ్లే కనెక్షన్లను విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా ఆపదు. అలో కొట్టకపోయినా యూట్యూబ్ బ్రహ్మాండంగా నడిచింది. ఆ బాక్స్ అడిగేది వేరే: బయటినుంచి నెట్‌వర్క్ మీదుగా ఆ ప్రోగ్రామ్‌ దగ్గరికి ఎవరైనా రావచ్చా అని.

క్యాన్సిల్ కొట్టాం. అలా కొడితే ఆ ప్రోగ్రామ్‌కు బ్లాక్ రూల్ పడుతుంది, సాధారణంగా మళ్లీ అడగదు. మర్నాడు ఇంకో పేరుతో అడిగింది! అప్పుడు బాక్సులో పబ్లిషర్ (తయారుచేసిన కంపెనీ), పాత్ (ఫైల్ ఉన్న చోటు) అనే లైన్లు చూశాం. పబ్లిషర్ ఎవరో తెలియదట, ఫైలేమో తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌లో ఉంది.

ఇక తవ్వితే ఒక్కొక్కటే బయటపడ్డాయి. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ తెరిస్తే మొత్తం సి డ్రైవ్‌నే స్కాన్ చేయొద్దని పెట్టి ఉంది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూస్తే "మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా" అయిందట. ఇంట్లో కంప్యూటర్‌కు సంస్థ ఎక్కడిది? లైసెన్స్ లేని క్రాక్ విండోస్ వేసి అంటగట్టారన్నమాట.

అలాగని ఈ బాక్స్ వచ్చిన ప్రతిసారీ టెన్షన్ పడక్కర్లేదు. నలుగురు కలిసి ఆడే గేములు, వీడియో మీటింగ్ యాప్‌లు, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ కూడా అడుగుతాయి. అవి చాలావరకు మనం తెరిచినప్పుడే అడుగుతాయి, కంపెనీ పేరు కూడా కనిపిస్తుంది. అప్పుడు కూడా పబ్లిక్ నెట్‌వర్క్ దగ్గర టిక్ పెట్టకండి. ఏదీ తెరవకుండానే వస్తే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ లిస్ట్ (ఆన్ అవగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములు) చూడండి.

మేం మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి విండోస్ దించి, డిస్క్ మొత్తం చెరిపి కొత్తగా వేశాం. పాస్‌వర్డులు ఫోన్ నుంచి మార్చాం. అలాంటి కంప్యూటర్‌లో ఎవరైనా బ్యాంకు లాగిన్ అయ్యి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

ఇంకొకటి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత మిషన్లు చవగ్గా వస్తున్నాయంటే కారణం అదీ కావచ్చు, అడగండి. మాకు తెల్ల చిట్టీ మీద రాసిచ్చారు, ఇప్పుడు దానితోనే తిప్పలు పడుతున్నాం. అసలు బిల్లు తీసుకుని, అందులో లైసెన్స్ ఉన్న విండోసో కాదో రాయించుకోండి. ఫిర్యాదు చేయాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.