‘లవ్ మీ డూ’ డెమో రికార్డు కొంటున్నారా? నంబరు కలిసింది కదా అని డబ్బు కట్టేయకండి

బీటిల్స్ రికార్డులు సేకరించేవాళ్లకు ఈ హెచ్చరిక. 1962 నాటి ‘లవ్ మీ డూ’ పాట డెమో సింగిల్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డు) అని చెప్పి ఒక విదేశీ అమ్మకందారు అంటగట్టిన కాపీని ఈమధ్య దగ్గరగా పరిశీలించాం. రికార్డు అసలైనదే. నకిలీది లేబుల్. ఇలాంటిదాన్ని పట్టుకోవడం పూర్తి నకిలీని పట్టుకోవడం కన్నా కష్టం.

ఈ డెమోను వేసిన రికార్డు కంపెనీ పార్లోఫోన్, దాని నంబరు 45-ఆర్ 4949. ఆ ఏడాది అక్టోబరు 5న సింగిల్ బజారులోకి రాకముందే ప్రచారం కోసం పంచడానికి సుమారు 250 కాపీలు మాత్రమే తీశారు. తెల్ల లేబుల్, దాని మీద పెద్ద ఎర్ర ‘ఏ’ అక్షరం. పాట రాసినవాళ్లలో ఒకరైన మెకార్ట్నీ పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో రెండో ‘సీ’ ఎగిరిపోయింది. 2017లో ఒక కాపీ రికార్డులు అమ్మే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో 14,757 డాలర్లు పలికింది. అదే పాట ఎర్ర లేబుల్‌తో వచ్చిన మామూలు సింగిల్, కాస్త వాడినదైతే, కొన్ని పదుల పౌండ్లకే దొరుకుతుంది. ఈ ధరల తేడాయే మోసగాళ్ల పెట్టుబడి. ఎర్ర లేబుల్ కాపీ కొని, దాని మీద స్కాన్ చేసి అచ్చేసిన తెల్ల లేబుల్ అతికించేస్తున్నారు.

మనలో చాలామంది ముందు చూసేది పాట గాడులు అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి పట్టీలో చెక్కి ఉండే ఫ్యాక్టరీ గుర్తు, అంటే మ్యాట్రిక్స్ నంబరు. ‘లవ్ మీ డూ’ వైపు 7ఎక్స్‌సీఈ 17144-1ఎన్ అని ఉండాలి. ఈ కాపీలో సరిగ్గా అలాగే ఉంది. ఉండక ఏం చేస్తుంది, కింద ఉన్నది అసలు రికార్డే కదా! స్పెల్లింగు తప్పు కూడా ఉంది, ఎందుకంటే దాన్ని ఫొటో నుంచే దించారు. ఈ రెండూ కలవకపోతే ఆ కాపీని వదిలేయండి. కలిసినంత మాత్రాన కొనకండి.

చూడాల్సింది లేబుల్ కాగితాన్ని. రికార్డును అచ్చులో వేడి మీద నొక్కేటప్పుడే అసలు లేబుల్ వినైల్‌లోకి, అంటే రికార్డు ప్లాస్టిక్‌లోకి దిగిపోతుంది. అక్కడ జిగురు అన్న మాటే ఉండదు. గోరుతో మెల్లగా తడిమితే అంచు దాదాపు తెలియదు. అతికించినదైతే అంచు గోటికి తగులుతుంది. ఇంకా తేలిగ్గా దొరికే చోటు నడిమధ్య ఉంది. బ్రిటిష్ సింగిల్స్‌కు జూక్‌బాక్స్ (నాణెం వేస్తే పాట వినిపించే యంత్రం) కోసం ఊడదీసే నాలుగు కాళ్ల బిళ్ల ఉంటుంది. దాని చుట్టూ ఉన్న సందుల్లో కాగితం కోసిన అంచును పది రెట్ల భూతద్దంతో చూడండి. మేం చూసిన కాపీలో తెల్ల కాగితం కింద సన్నటి ఎర్ర గీత కనిపించింది, అది పాత లేబులే. పైన తెల్ల కాగితాన్ని బ్లేడుతో కోసిన చోట పీచు లేచి ఉంది. అదే భూతద్దంతో ఎర్ర ‘ఏ’ను కూడా చూడండి. అసలుదానిలో సిరా నిండుగా, ఒకే ముద్దగా పరుచుకుని ఉంటుంది. ప్రింటర్‌లో తీసినదైతే రంగురంగుల చుక్కలు బయటపడతాయి. యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి వేసి కాగితం మెరిసిందా లేదా అని తేల్చేయడం మాత్రం నమ్మదగ్గ పరీక్ష కాదు. కాగితానికి మెరుపునిచ్చే రసాయనాలు ఆ రోజుల్లోనే వాడుకలో ఉన్నాయి.

పూర్తిగా కొత్తగా నొక్కిన నకిలీలకూ, తర్వాతి కాలపు ముద్రణల మీద లేబుల్ అతికించినవాటికీ చెవే మంచి పరీక్ష. 1962 సెప్టెంబరు 4న బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ డ్రమ్స్ వాయించిన రికార్డింగే తొలి సింగిల్‌లో ఉంది. సెప్టెంబరు 11న బయటినుంచి పిలిపించిన డ్రమ్మర్ ఆండీ వైట్ డ్రమ్స్ మీద కూర్చుంటే రింగో టాంబరిన్ (గలగలలాడే బిళ్లలున్న చేతి వాయిద్యం) పట్టుకున్నాడు. ఆల్బమ్‌లోకి వెళ్లింది ఆ రెండోది. కాబట్టి టాంబరిన్ గలగల వినిపించిందంటే అది 1962 డెమో కానేకాదు. 2012లో యాభయ్యేళ్ల సందర్భంగా వేసిన సింగిల్‌లో కంపెనీ వాళ్లే పొరపాటున టాంబరిన్ ఉన్న రికార్డింగు వేసేసి వెనక్కి తెప్పించుకోవాల్సి వచ్చింది.

డబ్బు కట్టేముందు అమ్మకందారును ఇవి అడగండి: ఆ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి తీసిన ఫొటోలు, పక్కనుంచి వెలుతురు పడేలా లేబుల్ అంచు, నడిమి బిళ్ల చుట్టూ సందులు, రెండు వైపులా మ్యాట్రిక్స్, ఎక్కడా కత్తిరించకుండా పాట మొత్తం వినిపించే వీడియో. ఈ కేసులో ముందు పంపిన ఫొటోలు వేరే కాపీవి. ఆ ఫొటోల్లో లేబుల్ మీద కనిపించిన పెన్ను గీత, చిన్న మరక చేతికందిన రికార్డు మీద లేవు. అందుకే ప్రతి ఫొటోనూ గూగుల్ ఇమేజ్ సెర్చ్‌లో వేసి, పాత వేలాల్లో కనిపించిందేమో చూసుకోండి.

అమెరికా, ఇంగ్లండ్‌లలో ఉన్న మనవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపే పేపాల్ గురించి అమ్మకందారు ‘పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ (స్నేహితులకు, ఇంట్లోవాళ్లకు పంపే పద్ధతి) కింద పంపితే కొంత తగ్గిస్తా’ అంటే అక్కడే ఆపేయండి. ఆ పద్ధతిలో కొనుగోలుదారుకు రక్షణ ఉండదు. సరుకు కొన్నందుకు కట్టే గూడ్స్ అండ్ సర్వీసెస్ పద్ధతి కింద కడితే ఫిర్యాదు చేయడానికి 180 రోజుల గడువు ఉంటుంది. హైదరాబాద్‌కో విజయవాడకో తెప్పించుకునేవాళ్లు క్రెడిట్ కార్డుతో కట్టండి. రికార్డు తిప్పి పంపాల్సి వస్తే రానుపోను పోస్టేజీ, కస్టమ్స్ సుంకం ఎవరు భరిస్తారో కొనకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. పార్సిల్ మీది చిరునామా కాగితం కనిపిస్తుండగా మొదలుపెట్టి, లేబుల్ అంచు దగ్గరగా చూపించేదాకా ఆపకుండా వీడియో తీయండి. ఫిర్యాదు చేసేటప్పుడు మీ దగ్గరుండే మొదటి సాక్ష్యం అదే.