బరంపురంలో పిల్లలకి వెయిట్‌లిఫ్టింగ్: పాత బస్టాండు వైపు సెంటర్ ఎలా ఉంది?

మన తెలుగువాళ్లు చాలామంది అడుగుతున్నారు, మా అమ్మాయి అక్కడికే వెళ్తోంది కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. హాలు చిన్నది, సాయంత్రమైతే కిక్కిరిసిపోతుంది. ఆడపిల్లలు బట్టలు మార్చుకోడానికి విడిగా గది లేదు, ఇది వాళ్లు వెంటనే చూడాల్సిన విషయం. ఫీజు నెలకు 800.

అయినా పంపమనే చెప్తాను, కారణం అక్కడి మాస్టారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం గెలిచిన కె. రవికుమార్‌ది ఈ ఊరే కదా, అందుకని ఇక్కడ ఎవరు కోచింగ్ బోర్డు పెట్టినా పిల్లలు వచ్చేస్తారు, ఆ బోర్డు వెనక మనిషికి ఎంత వచ్చో ఎవరూ అడగరు. నేనూ స్కూల్లో పీఈటీనే. మా వృత్తిలో ఆట నేర్పడం, నొప్పికి వైద్యం, తిండి సలహా అన్నీ తమకే తెలుసనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంతకుముందు వేరే చోట మా అమ్మాయి మోకాలు వాచినా "అదే సర్దుకుంటుంది, స్క్వాట్లు ఆపకు" అన్నారు.

ఈ మాస్టారు మాత్రం మా అమ్మాయి చేరిన రోజే చెప్పేశారు: "స్నాచ్ (బార్‌ని నేల మీద నుంచి ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) నేను బాగా నేర్పగలను మేడమ్, జెర్క్‌లో (భుజాల మీదున్న బార్‌ని తల మీదికి ఎత్తడం) తప్పు పట్టడానికి నా కన్ను ఇంకా చాలదు, ఆదివారం మా సీనియర్ వస్తారు." ఒక ఆదివారం కూర్చుని చూశాను. బార్ తల మీదికి వెళ్లాక మా అమ్మాయి మోచెయ్యి కొంచెం వంగి మళ్లీ నిటారైంది, పోటీలో అయితే ఆ లిఫ్ట్ చెల్లదు. అది సీనియర్ పట్టుకున్నారు, మాస్టారు పిల్లలందరి ముందే పుస్తకం తీసి రాసుకున్నారు. నొప్పి అంటే మాత్రం ఎముకల డాక్టర్‌కి చూపించమంటారు, సొంత వైద్యం చెయ్యరు.

ఈ ఆటలో మనకెంత వచ్చో కిలోల్లో ముందే చెప్పాలి. స్నాచ్‌కి మూడు ప్రయత్నాలు, క్లీన్ అండ్ జెర్క్‌కి (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడం) మూడు, బార్ మీద బరువు పెరగడమే గానీ తగ్గదు. మొదటి బరువే ఎక్కువ చెప్పి మూడూ పోగొట్టుకుంటే టోటలే (రెండింటిలో ఎత్తిన పెద్ద బరువుల మొత్తం) ఉండదు. పక్కనున్న శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బంగారం కోసం చివర్లో 137.5 కిలోలకి వెళ్లింది, అది అందలేదు, 240 కిలోల టోటల్‌తో కాంస్యం వచ్చింది. అంతటి స్థాయిలోనే అంచనా అంత కష్టమైతే పిల్లల సంగతి చెప్పాలా! అందుకే ఇక్కడ పిల్లలు ఎంత ఎత్తగలరో ముందు వాళ్లనే చెప్పమంటారు, మాస్టారు తన అంచనా విడిగా రాస్తారు. మొన్న స్నాచ్‌లో మా అమ్మాయి 38 అంది, ఆయన 35 రాశారు, ఎత్తింది 36. "నాదీ తప్పే" అని తన అంకె పక్కన కూడా ఇంటూ పెట్టుకున్నారు, నాకైతే చాలా సంతోషమేసింది.

ఉదయం బ్యాచ్‌లో రద్దీ తక్కువ, చేర్పిస్తే అందులో చేర్పించండి. ఒడియా సరిగా రాని పిల్లలకి తెలుగులోనే చెప్తారు.