చిన్న సైజు కొత్త ప్యాంటా, బీరువాలోని పాత ప్యాంటా?

బరువు తగ్గాలనుకోగానే చాలామంది చేసే పని, రెండు సైజులు చిన్న జీన్స్ కొని తలుపు వెనక తగిలించుకోవడం. నేనూ చేశాను. మొదటి వారం దాన్ని చూస్తే హుషారొచ్చేది, నెల తిరిగేసరికి చూడాలంటేనే చిరాకు, చివరికి ట్యాగ్ కూడా తియ్యకుండా అట్టడుగుకి తోసేశాను. పైగా ఒక కంపెనీ 32 ఇంకో కంపెనీ 32తో కలవదు, స్ట్రెచ్ గుడ్డయితే మనం తగ్గకపోయినా ఎక్కేస్తుంది, ఇక కొలతగా దాన్నేం నమ్ముతాం?

ఒకప్పుడు మనకి సరిపోయిన పాత ప్యాంటు నయం. ఖర్చు లేదు, ఒంటి మీద ఎలా ఉండేదో గుర్తుంటుంది. మొదట తొడల దగ్గరే ఆగిపోతుంది, తర్వాత నడుము దాకా వస్తుంది గానీ బొత్తాం పడదు, ఇంకొన్నాళ్లకి ఊపిరి బిగబడితే పడుతుంది. వారానికి అరకిలో తగ్గితే మంచి వేగమే, కాబట్టి రెండు వారాలకోసారి వేసి చూస్తే చాలు, రోజూ చూస్తే ఏడుపే మిగులుతుంది. కాలేజీ రోజుల నాటిది మాత్రం తియ్యకండి బాబూ.

కొనాల్సిందే అనిపిస్తే ఒక్క సైజు చిన్నది కొనండి. ఈలోగా ఇప్పటి ఒంటికి సరిపడే జత కూడా ఒకటి ఉండాలి, బిగుతు బట్టల్లో వాకింగ్‌కి వెళ్లబుద్ధెలా అవుతుంది!