మూడున్నరేళ్ల వాడకం, మధ్యలో ఒక వరద: బ్యాటరీ ఊడదీసుకునే స్కూటర్‌పై నా సమీక్ష

2022 మే నెలలో ఈ స్కూటర్ కొన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. అంతకు ముందు నెలలోనే మా విజయవాడలోని సూర్యారావుపేటలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అందుకే బ్యాటరీ గడప దాటి లోపలికి రాకూడదని మా అత్తగారు షరతు పెట్టారు. వరండాలో గచ్చు మీద, అందరూ మెలకువగా ఉన్న వేళల్లోనే చార్జింగ్ పెడుతూ వచ్చాను.

మాది 60 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ. నికెల్, కోబాల్టు వాడే రకం కంటే ఇది ఎక్కువ వేడికి ఓర్చుకుంటుందన్నది నిజమే గాని, "అస్సలు అంటుకోదు" అని షోరూంలో చెప్పిన మాట నిజం కాదు. సెల్లు లోపల షార్టయితే దీని నుంచీ మండే వాయువులు వస్తాయి. మే నెల ఎండలో బండి దిగగానే బ్యాటరీ మీద చెయ్యి ఆనదు కాబట్టి, గంటసేపు నీడన చల్లారాకే చార్జర్ తగిలిస్తాను. రెండో ఏడు చార్జర్ పాడైతే సగం ధరకు వస్తుందని బయట ఒకటి కొన్నాను. బ్యాటరీ పూర్తిగా నిండాక 73 వోల్టుల దగ్గర ఆగవలసింది, మీటరు పెట్టి చూస్తే 76 చూపింది. బ్యాటరీ లోపల ఉండే రక్షణ బోర్డు ఆపేస్తుందిలెమ్మని దుకాణదారు వాదించినా, తిరిగి ఇచ్చేశాను.

అసలు పరీక్ష 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద పెట్టింది. సింగ్‌నగర్‌లోని మా వరండాలో నడుము లోతు నీళ్లు మూడు రోజులు నిలిచాయి. గడప దాటనివ్వని బ్యాటరీ ఆ నీళ్లలోనే ఉండిపోయింది. దాని మీద ఐపీ67 అని, అంటే దుమ్ము, నీరు లోపలికి పోవని చెప్పే ముద్ర ఉంది, కానీ ఆ ముద్రకు చేసే పరీక్ష మీటరు లోతు నీటిలో అరగంటకే. నాలుగు రోజులు ఎండబెట్టి వాడుకోమని సర్వీసు సెంటర్ వారు చెప్పారు. నేను ఒప్పుకోక, నా ఎదుటే విప్పమన్నాను. అడుగున వేలి మందాన ఒండ్రు, బోర్డు టంకాల చుట్టూ పచ్చని చిలుము కనిపించాయి. దాన్ని అలాగే చార్జింగ్ పెట్టి ఉంటే ఆ రోజు కాకపోయినా, కొన్ని వారాల తర్వాతైనా షార్టయ్యేది.

కొత్త బ్యాటరీకి వారంటీ ఇచ్చారు గాని, అందులో వరద లేదు. ఇప్పుడు దాన్ని వరండాలోనే ఛాతీ ఎత్తున వేయించిన రాతి పలక మీద పెడుతున్నాను. పదహారు కిలోల బరువును రోజూ అంత ఎత్తుకు లేపడమే ఈ బండితో నాకు మిగిలిన ఇబ్బంది.