గూగుల్ బిజినెస్ ప్రొఫైల్: మన అంగళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

నెల్లూరు ట్రంకు రోడ్డులో అంగడి ఉన్నా, ఒంగోలు కర్నూలు రోడ్డులో ఉన్నా, కొత్త గిరాకీ ఇప్పుడు బోర్డు చూసి రావడం తగ్గింది. ఫోనులో వెతుకుతారు, ఫొటోలు చూస్తారు, తెరిచి ఉందో లేదో చూసుకుని బయల్దేరతారు. అక్కడ కనిపించేదే బిజినెస్ ప్రొఫైల్. 2021 దాకా దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు. చిన్న వ్యాపారానికి గూగుల్ ఇచ్చినవాటిలో ఇంతకంటే పనికొచ్చేది లేదు, పైసా అడగదు కూడా. దాన్ని నడిపే తీరు మాత్రం మెచ్చుకునేట్టు లేదు.

మొదటి చిక్కు వెరిఫికేషన్, అంటే వ్యాపారం మీదేనని గూగుల్‌కు రుజువు చేయడం. ఫోనా, మెయిలా, వీడియోనా అన్నది గూగులే తేలుస్తుంది, మన ఇష్టం కాదు. ఈమధ్య చాలావాటికి వీడియోనే అడుగుతోంది. వీడియో ఎక్కడా ఆపకుండా ఒకే బిగిన తీయాలి, 30 సెకన్లకు తగ్గకూడదు, ముక్కలు అతికిస్తే చెల్లదు. ముందు రోడ్డు మీద నిలబడి పక్క అంగళ్ల బోర్డులు, వీధి పేరు కనబడేట్టు తీయండి. అలాగే నడుచుకుంటూ మీ బోర్డు దగ్గరికి రండి. బోర్డు మీది పేరూ ప్రొఫైల్లో కొట్టిన పేరూ ఒకటే అయి ఉండాలి. ఆపైన షట్టరు తాళం తీయడమో, గల్లాపెట్టె తెరవడమో, స్టాకు గదిలోకి వెళ్లడమో చూపించాలి. ఈ వ్యాపారం మీ చేతిలోనే ఉందని రుజువు చేసేది ఈ చివరి ముక్కే, చాలామంది వదిలేసేదీ ఇదే. బయటి బోర్డు ఒక్కటే తీసి పంపితే తిరిగొస్తుంది. ఆధార్, బ్యాంకు కాగితాలు వీడియోలో పడనీయొద్దు, వాటి అవసరం లేదు. వీడియో చూసి తేల్చడానికి 5 పని రోజుల దాకా పట్టొచ్చు.

కేటగిరీ దగ్గర మన జిల్లాల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. చేపల పులుసు భోజనం పెట్టేచోటికి 'హోటల్' అని ఎంచుకుంటారు. గూగుల్ లెక్కలో అది లాడ్జి. చెకిన్, చెకౌట్ టైములు అడగడం మొదలుపెడుతుంది, భోజనానికి వెతికేవాళ్లకు మీరు సరిగ్గా తగలరు. రెస్టారెంట్ అని పెట్టండి. అసలు కేటగిరీ ఒకటే, దానికి తోడు ఇంకో 9 దాకా పెట్టుకోవచ్చు గానీ చేసే పనికి సరిపోయే రెండు మూడు చాలు. పేరులో మాత్రం 'నెల్లూరులో బెస్ట్ బిర్యానీ' లాంటి తోకలు తగిలించొద్దు. అవి నిబంధనకు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ కావడానికి పెద్ద కారణం అదే.

పండగ రోజుల టైములు విడిగా పెట్టే 'స్పెషల్ అవర్స్' మంచి సదుపాయం. బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగకు పైరాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. దర్గామిట్ట చుట్టుపక్కల భోజనం దొరికే చోటు వాళ్లు వెతికేది ఫోనులోనే. రాత్రి 11 దాకా తెరిచి ఉండి, ప్రొఫైల్లో 9కే మూసినట్టు ఉంటే ఆ గిరాకీ పోయినట్టే.

అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఓనరు ఎవరన్నది. ఊళ్లో డిజిటల్ మార్కెటింగ్ చేసేవాళ్లకు అప్పజెబితే, కొందరు వాళ్ల జీమెయిల్‌తోనే ప్రొఫైల్ తెరుస్తారు. వాళ్లతో చెడితే రివ్యూలతో సహా అన్నీ వాళ్ల చేతిలో ఉంటాయి. ఇవాళే సెట్టింగుల్లో 'పీపుల్ అండ్ యాక్సెస్' తెరిచి చూడండి. ప్రైమరీ ఓనరుగా మీ జీమెయిల్ ఉండాలి, పనిచేసేవాళ్లకు మేనేజర్ హోదా చాలు. మీది లేకపోతే ముందు మిమ్మల్ని ఓనరుగా చేర్పించుకోండి, 7 రోజులు ఆగాక ప్రైమరీ ఓనరు మార్పు కుదురుతుంది. వాళ్లు పలకకపోతే 'రిక్వెస్ట్ యాక్సెస్' నొక్కండి, జవాబివ్వడానికి వాళ్లకు 3 రోజుల గడువు ఉంటుంది. ఇంకోటి, గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ లిస్టింగు తీసేస్తాం అని ఫోనొస్తే పెట్టేయండి. ప్రొఫైల్‌కు రుసుమే లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

అడ్రసు టైపు చేసి ఊరుకుంటే పిన్ను వెనక సందులోనో ఊరి మధ్యలోనో పడొచ్చు. శాటిలైట్ వ్యూలో దగ్గరికి లాగి, మీ గుమ్మం మీద పెట్టండి. రొయ్యల గుంటలవైపైతే డోరు నంబరనేదే ఉండదు. విడవలూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు మేత లారీకీ, రొయ్యలు పట్టే రోజు ఐసు బండికీ దారి చెప్పడానికి ప్లస్ కోడ్ మంచి ఉపాయం. అడ్రసుకు బదులు గూగుల్ మ్యాపులో ఒక్కో చోటుకు ఉండే చిన్న కోడ్ అది. మ్యాపులో షెడ్డు మీద వేలు అదిమిపెడితే పిన్ను పడుతుంది, కింద కోడ్ కనిపిస్తుంది. ఊరి పేరుతో కలిపి దాన్ని పంపితే చాలు. అది చూపేది ఒక్కో పక్క సుమారు 14 మీటర్లుండే చదరం. ఒక గుంటకూ పక్క గుంటకూ తేడా తెలియడానికి ఇది సరిపోతుంది. సిగ్నలు అందని చోట్లకు ఆఫ్‌లైన్ మ్యాపు ముందే దించుకోమని డ్రైవరుకు చెప్పండి. దాంట్లో ట్రాఫిక్ కనబడదు, బండి దారి మాత్రం చూపిస్తుంది. గుంటల మధ్య కట్ట మీద లారీ పడుతుందా లేదా అన్నది మ్యాపును నమ్మి తేల్చుకోవద్దు.

ఇక కంపెనీ నిర్ణయాల సంగతి. ఈ ప్రొఫైల్‌తో పాటు ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసేసింది. బిల్లుల మీద, విజిటింగ్ కార్డుల మీద ఆ లింకు అచ్చేయించుకున్నవాళ్లకు అవి వేస్టయ్యాయి. అదే ఏడాది జులై 31న కస్టమర్లతో చాట్ కూడా తీసేసింది. ముందుగా చెప్పింది, నిజమే. కానీ ఉచితమని చూపి అలవాటు చేశాక తీసేయడం చిన్న వ్యాపారికి అన్యాయం. అందుకే సొంత డొమైను, అంటే మీ పేరున వెబ్‌సైటు అడ్రసు, ఒకటి కొనుక్కుని, కార్డు మీద దాన్నే అచ్చేయించండి. ఫొటోల అసలు కాపీలు, కస్టమర్ల నంబర్లు మీ దగ్గరే ఉండాలి.

రివ్యూల విషయంలో మన చేతిలో ఉన్నది తక్కువ. ఆపేయలేం, నచ్చలేదని తీసేయించలేం. నిబంధన మీరితేనే ఫిర్యాదు నిలబడుతుంది. డిస్కౌంటు ఇచ్చి రివ్యూ రాయించుకోవడం కూడా నిషిద్ధమే.

సస్పెండ్ అయితే కొత్త ప్రొఫైల్ తెరవొద్దు, అప్పీలు చేయండి. ముందు పేరు, అడ్రసు సరిచేయండి. జీఎస్టీ సర్టిఫికెట్, ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లు వీటిలో ఉన్నవాటిని స్కాన్ చేసి ఫోనులో సిద్ధంగా పెట్టుకున్నాకే అప్పీలు ఫారం తెరవాలి. ఆధారాల పేజీ తెరిచాక అప్‌లోడ్ చేయడానికి ఇచ్చేది 60 నిమిషాలే. కరెంటు బిల్లు ఇంటి ఓనరు పేరు మీద ఉంటే అదొక్కటే పెట్టొద్దు, అంగడి పేరున్న కాగితం ఒకటి జతచేయండి.