జాగ్రత్త: సీనియర్ హోమ్‌వాళ్లు చెప్పేది గది రేటు, సంరక్షణ ఖర్చు కాదు

ఇంట్లో పెద్దవాళ్లను అసిస్టెడ్ లివింగ్‌లో (ఉండటానికి గది ఇచ్చి, రోజువారీ పనుల్లో సాయం చేసే హోమ్‌లో) చేర్చాలని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా చిన్న ఊళ్లో వెతుకుతున్నవాళ్లు, అడ్వాన్స్ కట్టే ముందు దయచేసి ఇది చదవండి. మాకు మొదట చెప్పిన నెల ఖర్చు ఒకటి, కొన్నాళ్లకే కట్టాల్సి వచ్చింది ఇంకొకటి. దాదాపు సగానికి సగం పెరిగింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి హోమ్ పేరు రాయడం లేదు. పేరు కన్నా వాళ్ల పద్ధతి తెలియడం ముఖ్యం.

మా పెద్దమ్మకు ఎనభై దాటాయి. తన పనులు తనే చేసుకుంటుంది. మోకాళ్ల నొప్పులు, బీపీ మాత్రలు, రాత్రిళ్లు ఒంటరిగా ఉండాలంటే భయం, అంతే. మా అక్క వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. అందుకే హోమ్ అనుకున్నాం. బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో 'అన్నీ కలిపి' అని ఉంది. ఆ 'అన్నీ'లో ఉన్నవి గది, భోజనం, గది శుభ్రం చేయడం, వారానికోసారి బట్టలు ఉతకడం. మనిషిని చూసుకోవడం మాత్రం అందులో లేదు. దానికి విడిగా కట్టాలి, ఎంత సాయం కావాలో దాన్ని బట్టి లెవెల్స్ ఉంటాయి. చేరిన రోజు పెద్దమ్మది అన్నిటికన్నా కింది లెవెల్ అన్నారు. ఆ లెవెల్‌ని వాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ లెక్కగట్టొచ్చని అగ్రిమెంట్‌లో ఎక్కడో ఒక వాక్యం ఉంది.

ఆ లెక్క ఎలా కట్టారో చెబుతాను, ఎందుకంటే అసలు మోసం అక్కడే ఉంది. పెద్దమ్మకు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి కొన్ని రోజులు హాస్పిటల్లో ఉంది. తిరిగొచ్చిన మర్నాడే నర్సు ట్యాబ్ పట్టుకుని గదికి వచ్చింది. ఈ వయసులో ఇలాంటి ఇన్ఫెక్షన్ వస్తే తాత్కాలికంగా అయోమయం వస్తుందని, కోలుకోవడానికి కొంత సమయం పడుతుందని ఆ వృత్తిలో ఉన్న ఎవరికైనా తెలుసు. "ఇవాళ ఏ వారమండీ?" అని అడిగితే పెద్దమ్మ తడబడింది. ఆ షీట్ కాపీ అడిగి తీసుకున్నాం. అందులో 'జ్ఞాపకశక్తి: పర్యవేక్షణ అవసరం' అని ఒక టిక్కు. 'కుర్చీలోంచి లేవడం: ఒకరి సాయం అవసరం' అని ఇంకొకటి. పెద్దమ్మ కుర్చీ చేతుల మీద ఆనుకుని తనంతట తనే లేస్తుంది. "ఆ అమ్మాయి చెయ్యి అందించిందే, వద్దంటే బాగుండదని పట్టుకున్నాను" అంది మాతో. మర్యాదకు పట్టుకున్న ఆ చెయ్యికి నెలనెలా డబ్బు కట్టించుకున్నారు.

ఇలాంటి షీట్లకు మూలం కొత్తదేమీ కాదు. 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టర్, ఆయన బృందం ఒక కొలమానం ప్రచురించారు. అందులో ఆరు పనులు చూస్తారు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయ్‌లెట్ వాడటం, మంచం లేదా కుర్చీ నుంచి లేచి కదలడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు ఇంకో జాబితా ఇచ్చారు. అందులో ఫోన్ చేయడం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం లాంటివి ఉంటాయి. మనిషికి ఎంత సాయం కావాలో తెలుసుకోవడానికి చేసినవి ఇవి. మేం చేర్చిన చోట ఒక్కో పనికి పాయింట్లు పెట్టి, పాయింట్లను బట్టి లెవెల్, లెవెల్‌ని బట్టి బిల్లు వేశారు. కొలిచేది వాళ్లే, ఆ కొలతను బట్టి డబ్బు తీసుకునేదీ వాళ్లే. ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

కాబట్టి చేరకముందే మీ డాక్టర్‌తోనో ఫిజియోథెరపిస్ట్‌తోనో ఈ ఆరు పనుల మీద ఒక రిపోర్ట్ రాయించుకోండి. దాంతోపాటు 'టైమ్డ్ అప్ అండ్ గో' పరీక్ష కూడా అడగండి. 1991 నుంచి వాడుకలో ఉంది. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉందని సాధారణంగా లెక్క. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. రేపు హోమ్‌వాళ్లు లెవెల్ పెంచితే వాళ్లకు చూపించడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది. హాస్పిటల్ నుంచి వచ్చిన వెంటనే అసెస్‌మెంట్ చేయకూడదని, చేసేటప్పుడు కుటుంబంలో ఒకరు పక్కన ఉండాలని అగ్రిమెంట్‌లోనే రాయించండి. అలా రాయడానికి వాళ్లు ఒప్పుకోకపోతే, ఇంకో చోటు చూసుకోవడమే మంచిది.

మందుల సంగతి విడిగా అడగండి. మేం పొద్దున, రాత్రి మాత్రలు కలిపి ఒకే చార్జీ అనుకున్నాం. వాళ్లు పూటకొకటి వేశారు, కంటి చుక్కలకు ఇంకొకటి. హాస్పిటల్లో ఉన్న రోజులకు గది అద్దె పూర్తిగా పడింది, ఆ రోజుల్లో తినని భోజనంతో సహా. ఏటా రేటు ఎంత పెంచుతారో, దానికి గరిష్ఠ పరిమితి ఉందో లేదో కూడా కాగితం మీద ఉండాలి.

చిన్న ఊరి కష్టం ఇంకోటి. ఉన్నవే ఒకటో రెండో హోమ్‌లు. మేం గొడవ పెట్టుకున్నప్పుడు మేనేజర్ చాలా ప్రశాంతంగా, "మీకు ఇష్టం లేకపోతే ఖాళీ చేయొచ్చండి" అన్నాడు. రెండో హోమ్‌లో వెయిటింగ్ లిస్ట్ ఉందని అతనికి తెలుసు. ఎంట్రీ ఫీజు వెనక్కి రాదనీ తెలుసు. అలవాటైన గది, తెలిసిన మొహాలు వదిలి ఈ వయసులో పెద్దమ్మను ఇంకో చోటికి మార్చడానికి మాకు మనసొప్పదనీ తెలుసు. అందుకే నచ్చిన హోమ్‌లో చేరుతున్నా సరే, రెండోదాని లిస్ట్‌లో పేరు రాయించి ఉంచండి. ఇంకా ముఖ్యంగా, ఎలాంటి పరిస్థితి వస్తే 'ఇక మేం చూసుకోలేం, తీసుకెళ్లండి' అంటారో ముందే అడగండి. వీల్‌చైర్ వస్తేనా, మతిమరుపు ముదిరితేనా, రాత్రిపూట తిరగడం మొదలుపెడితేనా? మంచం పట్టేదాకా మాదే బాధ్యత అన్నట్టు మాట్లాడే చోట అగ్రిమెంట్‌లో వేరేగా ఉండొచ్చు.

'ఉచితంగా హోమ్‌లు చూపిస్తాం' అనే ఏజెంట్ల మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. మమ్మల్ని తీసుకెళ్లిన ఆవిడ ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది. ఆవిడకు కమీషన్ ఇచ్చేది హోమ్ అని తర్వాత తెలిసింది. కమీషన్ ఇవ్వని చోట్లు ఆవిడ జాబితాలోనే లేవు. సీనియర్లకు సహాయం అంటూ పంచే పుస్తకాల్లోనూ డబ్బు కట్టినవాళ్ల ప్రకటనలు ఉంటాయి. మాకు నిజంగా పనికొచ్చింది హాస్పిటల్లో డిశ్చార్జ్ చూసే సోషల్ వర్కర్. ఏ హోమ్ నుంచి పేషెంట్లు పుండ్లు పడి వస్తారో, ఎక్కడి నుంచి శుభ్రంగా వస్తారో ఆమె రోజూ చూస్తుంది. పేర్లు చెప్పకపోయినా, 'ఇక్కడ చేర్చొచ్చా' అని అడిగితే ఆమె మొహమే చెప్పేస్తుంది. లైసెన్స్ ఇచ్చే ఆఫీసులో తనిఖీ రిపోర్టులు చూడటానికి వీలుంటే తప్పకుండా చూడండి. రాత్రి భోజనాలయ్యాక ఒకసారి వెళ్లి, డ్యూటీలో ఎంతమంది ఉన్నారో కళ్లారా చూడండి. పగలు రిసెప్షన్‌లో కనిపించే హడావుడి చూసి నమ్మొద్దు.

ఇంకొక్కటి. పగటిపూట కొన్ని గంటల సాయం చాలనుకుంటే, ఇంటికే మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో లెక్క వేయండి. గంటల లెక్కన తీసుకుంటారు, రోజుకు కనీసం ఇన్ని గంటలని షరతు ఉండొచ్చు. రాత్రి కూడా మనిషి కావాలంటేనే ఆ ఖర్చు హోమ్‌ని దాటిపోవచ్చు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఏది చవకో తెలియదు.

పెద్దమ్మ ఇప్పుడు కోలుకుంది, వారం పేరు తేదీతో సహా చెబుతోంది. మళ్లీ అసెస్‌మెంట్ చేయమని రాతపూర్వకంగా అడిగాం. పెంచడానికి ఒక్కరోజు పట్టినవాళ్లకు తగ్గించడానికి ఇంకా తీరిక దొరకలేదు. ఇదే స్థితిలో ఉన్నవాళ్లు ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకండి. లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. లైసెన్సింగ్ ఆఫీసులో మా ఫిర్యాదు తీసుకునేటప్పుడు మొదట అడిగింది ఆ కాపీనే.