యిజ్కోర్ దీపం: గాజుదా, రేకుదా?

నేర్ నెషమా, అంటే ఆత్మదీపం. యూదులు పోయినవారి పేరున వెలిగించే, ఒక రాత్రీ ఒక పగలూ వెలిగే మైనం దీపం. ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్లను చూసుకునే కేర్‌గివర్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇంటి పెద్దావిడ పండుగ ముందు తెమ్మంటే ఏది తేవాలో తెలిసుండాలి.

పోయినవారిని తలచుకునే యిజ్కోర్ ప్రార్థన ఏడాదికి నాలుగుసార్లు, ఈ యూదు పండుగల్లో: యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్తపు ఉపవాస దినం), షెమినీ అట్సెరెత్, పస్కా ఆఖరి రోజు, షావూత్. 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి షెమినీ అట్సెరెత్ నాడే జరిగింది. అప్పటినుంచి ఆ పండుగ దీపం చాలా ఇళ్లలో నేలకొరిగిన సైనికులదీ అయింది.

మా ఓటు గాజుదానికే. మైనం ఎంత మిగిలిందో బయటికి కనిపిస్తుంది. రేకుది కింద పడినా పగలదు కానీ అడుగు బాగా కాగి బల్లమీద మచ్చ వేస్తుంది, పింగాణీ పళ్లెం తప్పనిసరి. గాజుతో గొడవంతా వత్తి దగ్గరే. ప్యాకింగ్‌లో అది వంగి మైనానికి అంటుకుపోతుంది. అలాగే ముట్టిస్తే మంట ఓ పక్కకు వాలి గాజును కాలుస్తుంది, చిట్లేది అక్కడే. టూత్‌పిక్‌తో నెమ్మదిగా లేపి నిలబెట్టి, పొడవుంటే అర సెంటీమీటరు ఉంచి కత్తిరించండి. మరీ పొట్టిగా కోస్తే కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంది. ఫ్యాను గాలి తగిలితే తొందరగా అయిపోతుంది.

24 గంటలదని రాసి ఉన్నది యోమ్ కిప్పూర్‌కు చాలదు. ఉపవాసమే దాదాపు 25 గంటలు, దీపం అంతకుముందే వెలగాలి. 26 గంటలది అడిగి తీసుకోండి. పండుగ మొదలయ్యాక కొత్తగా నిప్పు పుట్టించరు, ఉన్నదాన్ని ఆర్పరు. అందుకే సూర్యాస్తమయానికి ముందే, కర్టెన్లకు దూరంగా చోటు చూసి పెట్టాలి.

ఆ దాడిలో బందీలై చెరలో బతికున్నవారికి మాత్రం ఈ దీపం పనికిరాలేదు. ఇది పోయినవారిది. బతికున్న బిడ్డ పేరున వెలిగిస్తే ఆ తల్లి ఏమైపోవాలి! వాళ్లకు పస్కా సేదెర్ (పండుగ రాత్రి విందు) బల్ల దగ్గర ఖాళీ కుర్చీ, దానికో పసుపు రిబ్బన్ ఉంచేవారు. బతికున్న చివరి 20 మంది బందీలు 2025 అక్టోబర్ 13న తిరిగొచ్చారు. అంతకుముందు రెండు పస్కాల్లోనూ ఎన్నో ఇళ్లలో ఆ కుర్చీ ఉంది. ఎవరి ఫొటోనైనా అలాంటి కుర్చీ మీద పెట్టినప్పుడు, ఆత్మదీపాన్ని ఆ బల్లమీద ఉంచకండి, వేరే గదిలో వెలిగించండి.